బేరము దగ్గర, జవాబు దూరము

(పోచంపల్లి పఠనమందిరమున మేము చేసిన ప్రసంగపాఠము)



ఈ సాయంకాలము మాటలాడుటకు మీరు మాకిచ్చిన విషయము పెద్ద కంపెనీలను గూర్చినది. పెద్ద కంపెనీలనగానే బొంబాయియు, లండనును, అమెరికాయు మనస్సునకు తట్టును. మేము మాత్రము మీ పోచంపల్లి వీధిలోని చీరల కొట్టునుండియే మొదలుపెట్టుచున్నాము.

హైదరాబాదునుండి వచ్చిన యొక గృహిణి ఇక్కడ పట్టుచీర కొన్నదనుకొందము. నెల తిరుగక మునుపే అంచు ఎరుపు ఒంటి తెలుపులోనికి దిగినది. ఆమె మరల బస్సెక్కి వచ్చును, చీరను బల్లమీద పరచును, నాలుగు మాటలనును. కొట్టువాడు మొదట ఒప్పుకొనడు. ఉడుకునీళ్లలో జాడించియుందురనును, ఎండలో ఆరవేసియుందురనును. ఇన్ని చెప్పుచున్నను చీర చేతికి రాగానే అది ఎవరి మగ్గముమీద దిగినదో, ఆ పట్టు ఎవరి యింట రంగులో మునిగినదో అతనికి తెలిసిపోవును. ఆమె ఊరు దాటకముందే రంగు వేసినవాని యింటికి కబురు పోవును. పిమ్మట ఆమెకు మారుచీర యిచ్చునా, సొమ్ము తగ్గించునా, తియ్యని మాటలతో సాగనంపునా యనునది ఆ మనిషి గుణమును బట్టి యుండును. కాని యొక్క సంగతి గమనింపుడు. ఆమె మాట ఎవని చెవిని బడినదో, దానిని చక్కబెట్టు అధికారమును వానిదే.

ఇక అదే గృహిణి బ్యాంకు ఖాతాలో ఆమె తీయని సొమ్ము రెండు వందల రూపాయలు తరిగినదనుకొందము. శాఖకు పోయినచో, ఇది మా చేతిలో లేదు, ఈ నంబరుకు ఫోను చేయుడందురు. ఫోను చేసినచో యంత్రము పలుకును. తెలుగుకు ఒకటి నొక్కుడు, హిందీకి రెండు నొక్కుడు. ఖాతాకు మూడు, కార్డుకు నాలుగు. నొక్కి నొక్కి, నడుమ సంగీతము విని విని, కట్టకడపట ఒక మనుష్యుని కంఠము వినబడును. ఆ పిల్లవాడు మర్యాదస్థుడే. మీ యిబ్బందికి చింతించుచున్నామనును. కాని రెండు వందల మాట యటుండనిండు, రెండు రూపాయలు తిరిగి వేయుటకైనను అతనికి అధికారము లేదు. తరచుగా అతడు ఆ బ్యాంకు ఉద్యోగియే కాడు. బ్యాంకువారు ఆ పనిని గుత్తకిచ్చిన మరియొక కంపెనీలో జీతగాడు. అతడు ఇవ్వగలిగినది ఫిర్యాదు సంఖ్య యొక్కటే. పూర్వము మనవారు కష్టము వచ్చినప్పుడు యాదగిరిగుట్టకు పోయి ముడుపు కట్టి వచ్చెడివారు. ఇప్పుడు పదియంకెల సంఖ్య కట్టుకొని వచ్చుచున్నారు. ముడుపు కట్టినవానికి తన మొర వినబడినదను నమ్మకమైన నుండెడిది.

వినువానికి అధికారము లేదు. అధికారము గలవానికి వినబడదు. మేము దూరమనుచున్నది దీనిని. ఇది మైళ్లతో కొలుచు దూరము కాదు. బ్యాంకు శాఖ మీ వీధి మొగలోనే యుండవచ్చును, మీరు మాటలాడవలసిన బ్యాంకు మాత్రము మీకు ఎన్నటికిని కనబడకపోవచ్చును.

ఇది మొదటినుండియు ఇట్లే యున్నదా? ఇప్పటి చదువరులలో పిన్నవయస్కులు అట్లే యనుకొనుచుందురు. వారికొరకు మన తెలుగునాటి బ్యాంకు కథ నొకదానిని కొంచెము తీరికగా చెప్పెదము.

1923 సంవత్సరము నవంబరు 20వ తేదీన మచిలీపట్టణమున ఆంధ్రా బ్యాంకు రిజిస్టరు చేయబడినది. అదే నెల 28వ తేదీన వ్యాపారము మొదలైనది. దానిని స్థాపించినవారు డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు. ఆయన వైద్యుడు, వైద్యము మానుకొని దేశసేవలో దిగినవాడు. చెల్లింపైన మూలధనము లక్ష రూపాయలు. అప్పటి దినములలో పెద్ద బ్యాంకులలో పెక్కు దొరలవి. మన రైతు దాచిన రూపాయి మన వర్తకునకు అక్కరకు రావలెనన్నచో మన బ్యాంకు కావలెనని ఆ తరమువా రెల్లరు తలచిరి. అందుచేతనే పట్టాభిగారు బ్యాంకుతో ఆగక 1925లో ఆంధ్ర ఇన్సూరెన్సు కంపెనీని కూడ స్థాపించిరి. స్వరాజ్యమనగా వారికి ఉపన్యాసముల స్వరాజ్యము మాత్రమే కాదు, పద్దుపుస్తకముల స్వరాజ్యము కూడ. ఆ తొలిదినములలో బ్యాంకును నడుపువా రుండు ఊరును, సొమ్ము దాచువా రుండు ఊరును ఒక్కటియే. లెక్క తప్పినచో అడుగుటకు ఉత్తరము వ్రాయనక్కరలేదు, నడచిపోవచ్చును.

ఆ బ్యాంకు పెరిగినది. 1964లో భారతలక్ష్మీ బ్యాంకు దానిలో కలిసినది. 1980 ఏప్రిలులో ప్రభుత్వము దానిని జాతీయము చేసినది. ముఖ్యకార్యాలయము హైదరాబాదున నుండెడిది. పిమ్మట 2020 ఏప్రిలు 1వ తేదీన, కర్ణాటకలోని కార్పొరేషను బ్యాంకుతోబాటు, బొంబాయి ముఖ్యస్థానముగా గల యూనియన్ బ్యాంకులో విలీనమైపోయినది. ఆనాడు దేశమంతట కరోనా నిర్బంధము. జనులు గడప దాటుటకు వీలులేని వారములలో తొంబదియారేండ్ల బ్యాంకు పేరు బల్లమీదినుండి దిగిపోయినది. మరుసటియేడు, 2021 ఏప్రిలులో, పాత శాఖల ఐ.ఎఫ్.ఎస్.సి. గుర్తులు కూడ చెల్లక క్రొత్తవి వచ్చినవి.

దానికి మూడేండ్లు ముందే ఇట్టిదే మరియొకటి జరిగినది. నిజాము రాష్ట్రమున 1941లో చట్టము చేసి స్థాపించిన హైదరాబాదు స్టేట్ బ్యాంకును మీ తాతలెరుగుదురు. ఉస్మానియా సిక్కా వ్యవహారము చూచుకొనుట దాని పనులలో నొకటి. 1956లో దానికి స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అని పేరు వచ్చెను. 2017 ఏప్రిలు 1న తక్కిన నాలుగు అనుబంధ బ్యాంకులతోను, భారతీయ మహిళా బ్యాంకుతోను కలిసి అది భారతీయ స్టేట్ బ్యాంకులో లీనమైనది. ఇట్లు మూడేండ్ల లోపలనే హైదరాబాదు ముఖ్యస్థానముగా గల రెండు పెద్ద బ్యాంకులు లేకుండపోయినవి.

విలీనమునకు ప్రభుత్వము చెప్పిన కారణములను మేము తేలికగా తీసివేయము. చిన్న బ్యాంకు మొండిబాకీల దెబ్బకు తాళలేదు, పెద్దది తాళగలదు. 1906లో మద్రాసున అర్బత్నాటు బ్యాంకు కూలినప్పుడు ఎన్ని కుటుంబములు వీధిని బడినవో మన పెద్దలు చెప్పగా వినియున్నాము. అదియు అప్పటివారికి దగ్గరి బ్యాంకే. దాని దొరలను సొమ్ము దాచినవారు ముఖముఖాల నెరిగినవారే. ఎరిగియుండుట వలన సొమ్ము నిలువలేదు. కాబట్టి పెద్దదగుటయే పాపమని మేమనుట లేదు.

మరి పోయినదేది? నిర్ణయము చేయు చోటు పోయినది. ఒకప్పుడు శాఖాధికారి సాలెవాని గుంటమగ్గము దగ్గరకు వచ్చి, పడుగు చూచి, ఇంట ఎందరు పనిచేయుచున్నారో కనుగొని, అప్పు ఇచ్చుటయో మానుటయో తానే తేల్చెడివాడు. తప్పుగా తేల్చినను తేల్చినవా డెవడో తెలిసెడిది. ఇప్పుడు కాగితములు పైకి పోవును. అక్కడ లెక్కల యంత్రము ఒక అంకె వేయును. ఆ అంకె చాలదన్నచో మగ్గము ఎంత బాగుగా ఆడుచున్నను అప్పు లేదు. ఎందువలన లేదని శాఖాధికారి నడిగినచో అతనికి తెలియదు. అతడును మనవలెనే ఫోను చేసి, సంఖ్య పుచ్చుకొని, వేచియుండవలసినవాడు. కొన్నియేండ్లకొకసారి బదిలీ, ఈ ఊరి ముఖములు పరిచయమగుసరికి మరియొక ఊరు. మేము శాఖలలోని వారిని తప్పుపట్టము. వారి కుర్చీనుండి అధికారము తీసివేసి, మన కోపమును భరించు పని మాత్రము వారికి విడిచిపెట్టినారు.

అధికారము పైకి పోయినచోట క్రిందికి దిగివచ్చున దేమో అమెరికా బ్యాంకొకటి చూపినది. 1852లో పుట్టిన వెల్స్ ఫార్గో బ్యాంకునందు పైవారు ఒక్కొక్క ఖాతాదారునకు ఇన్నిన్ని ఖాతాలు అంటగట్టవలెనని క్రిందివారికి లెక్క పెట్టిరి. లెక్క తీరనిచో ఉద్యోగము నిలువదు. అందుచేత క్రిందివారు, ఖాతాదారులు కోరకయే, వారికి తెలియకయే, లక్షలకొలది ఖాతాలు తెరచిరి. 2016 సెప్టెంబరులో ఆ సంగతి బయటపడి 18.5 కోట్ల డాలర్ల జుల్మానా పడినది. దాని పేరిట 5,000కు పైగా ఉద్యోగులను తీసివేసియుండిరి. లెక్కలో ఖాతాదారుడు పెరుగుచునేయున్నాడు. కాని అట్టి మనుష్యు డొకడున్నాడని, వానికి ఇది కావలెనో అక్కరలేదో అడుగవచ్చునని పైనున్నవారికి తోచలేదు.

మన దేశమునను ఒక చిన్న ఉదాహరణము. 2017 ఏప్రిలు నుండి భారతీయ స్టేట్ బ్యాంకువారు కనీసపు నిలువ లేని పొదుపుఖాతాలపై అపరాధరుసుము తిరిగి వేయసాగిరి. నెలకు కొంత నిలువ యుంచలేనివా డెవడు? కూలివాడు, నేతపనివాడు, ముసలమ్మ. ఉన్నవాని ఖాతా జోలికి ఆ రుసుము పోదు. పార్లమెంటులో ప్రశ్నలు, పత్రికలలో గోల పుట్టిన పిమ్మట అది తగ్గి, తగ్గి, 2020 మార్చిలో తీసివేయబడినది. వేలకొలది ముసలమ్మలు వేరువేరుగా శాఖలయొద్ద మొరపెట్టినప్పుడు వినబడని మాట, దేశమంతయు కేకవేసినప్పుడు వినబడినది. ఇంత కేక ప్రతి రెండు వందల రూపాయలకును వేయగలమా?

ఇది ఈ నాటి విద్య మాత్రమే కాదని చెప్పుటకు మీ గుమ్మమునకు దగ్గరిదే మరియొక కథ కలదు. బీబీనగరునకో భువనగిరికో పోయి మీరు రైలెక్కుచున్నారే, ఆ దారి 1886లో వరంగల్లువరకు వచ్చినది, 1889లో బెజవాడకు చేరినది. దానిని నడపినది నిజాము గ్యారంటీడు స్టేటు రైల్వే కంపెనీ. ఆ కంపెనీ 1883లో పుట్టినది లండనులో. డైరెక్టరులు అక్కడివారు, వాటాదారులు అక్కడివారు. పేరులోని గ్యారంటీ యనుమాట ఊరకే పెట్టినది కాదు. కంపెనీ మూలధనముపై 20 ఏండ్లపాటు నూటికి ఐదు చొప్పున వడ్డీకి నిజాము ఖజానా పూచీపడినది. అనగా బండి నిండినను నిండకున్నను, మూడవ తరగతి పెట్టెలో మన రైతు కూర్చుండినను నిలువుకాళ్ల నున్నను, లండనులోని వాటాదారునకు వడ్డీ ముట్టవలసినదే. అట్టి కంపెనీకి భువనగిరి ప్రయాణికుని మాట వినవలసిన యక్కర ఏమున్నది? ఈ యేర్పాటును గూర్చి ప్రజలకు వివరము తెలుపవలెనని 1883లోనే హైదరాబాదున కొందరు విద్యావంతులు అడిగిరి. వారిలో ముఖ్యుడు అఘోరనాథ చట్టోపాధ్యాయుడు, సరోజినీదేవి తండ్రిగారు. అడిగినందులకు ఆయనను రాష్ట్రమునుండి వెడలగొట్టిరి. ఆ రైలుమార్గమును నిజాము ప్రభుత్వము స్వాధీనము చేసికొనునప్పటికి 1930వ సంవత్సరము వచ్చినది.

ఇందులో ముఖ్యమైనది లండను కాదు. కొనువాడు సంతోషించినను ఏడ్చినను తన లాభము మారదని తెలిసిన కంపెనీ బీబీనగరులో నున్నను చెవిటిదే యగును. ఊరికంతకు ఒక్కటే తీగె, ఒక్కటే గొట్టము, ఒక్కటే శాఖ యున్నచోట అట్లే జరుగును. అందుచేతనే ప్రభుత్వము చేతికి వచ్చుటతోనే ఆ చెవిటితనము నయము కాలేదు. మన విద్యుత్తు కచ్చేరులను, బ్యాంకులను చూచినవారికి ఇది వేరుగ చెప్పనక్కరలేదు.

ఇచ్చట మీలో నొకరు లేచి అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. దగ్గరితనమును ఇంతగా పొగడుచున్నారే, నల్లగొండ చరిత్ర మరచినారా యని. మరవలేదు. దొర గడీ ఊరి నడుమనే యుండెను; వెట్టి చేయించినవాడు అందరిని పేరుపెట్టి పిలుచువాడే. నాగువడ్డీ షావుకారు ఇంటిముందరి యరుగుమీదనే కూర్చుండెను. వారికంటె దగ్గరివారెవరు? 1951 ఏప్రిలు 18న వినోబాజీ ఈ ఊరికి కాలినడకను వచ్చినప్పుడు హరిజన సోదరులు ఆయన నడిగినది భూమి. వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి నూరెకరములు ఇచ్చెదననిరి. అంతకుముందు మాత్రము ఆ భూమి లేనివారును, భూమి గలవారును ఒక్క ఊరివారు కారా? అడుగువానికి అడుగు ధైర్యమును, వినువానికి జవాబు చెప్పవలసిన బాధ్యతయు ఒకచోట కూడిన సాయంకాలము అది. దగ్గరగా నుండుట చాలదు. అడిగినప్పుడు తప్పించుకొనుటకు వీలులేకుండ నుండవలెను.

యంత్రమే యిన్ని యనర్థములకు మూలమనువారు కూడ కలరు. మేము ఒప్పుకొనము. ఆసు పోయుటలో మన స్త్రీలు పడిన కష్టము మీకు మేము చెప్పవలెనా? ఒక్క చీరకు వేలసారులు చేయి పైకి క్రిందికి ఆడవలెను. నలుబది యేండ్లకే భుజములు పట్టుకొనిపోవును. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశముగారు తల్లి లక్ష్మమ్మగారి భుజముల నొప్పి చూచి, పెద్ద చదువు లేకున్నను ఏండ్ల తరబడి పెనగులాడి, 1999లో ఆసు యంత్రమును చేసిరి. దానికి తల్లి పేరే పెట్టిరి. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. ఆ యంత్రము ఎక్కడ చెడుచున్నదో, ఏ పోగు తెగుచున్నదో చెప్పువారు ఆయన యింటనే యుండిరి. వినియోగించువారి నొప్పి ఎరిగినవాడు చేసిన యంత్రమది. ఫోనులో పలుకు యంత్రము అట్టిది కాదు. కంపెనీకి నొప్పి తగులకుండుటకై చేయబడినది.

ఇక మీ ఊరి సంగతికి వచ్చెదము. ఇంతవరకు చెప్పినది బ్యాంకులు, రైళ్లు. మీకు అన్నము పెట్టునది చీర. ఆ చీరకును ఈ దూరము పట్టుకొనినది.

పోచంపల్లి ఇకత్ అను పేరునకు 2004-05లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. దేశమున ఆ చట్టము క్రింద మొట్టమొదట గుర్తింపు పొందిన కొలదివానిలో మనది యొకటి. అనగా ఈ సీమలో, మగ్గముమీద, పోగును ముందుగ చిటికి కట్టి రంగు వేసి నేసినదానికే ఆ పేరు చెల్లవలెను. కాని నేడు సెల్‌ఫోను తెరచి పోచంపల్లి చీర యని వెదకుడు. మర మీద నేసి, పైన బొమ్మ అచ్చొత్తిన గుడ్డ, పట్టు కానిది, మీ నమూనాతో, మీ ఊరి పేరుతో, మీ పడుగు ఖరీదునకైన సరిపోని ధరకు వరుసగా కనబడును. అమ్మువా డెవడో తెలియదు. అంగడి నడుపు కంపెనీ, మేము అమ్మువారము కాము, అమ్మువారిని కొనువారిని కలుపువారము మాత్రమే యనును. విశాఖపట్టణమున నొక యింట ఆ గుడ్డ రెండుసారులు ఉతుకగానే వెలిసిపోవును. ఆ యిల్లాలు ఎవరిని తిట్టును? కంపెనీని కాదు. పోచంపల్లి చీర లింతే యనును. ఆమె మాట మీ చెవిని బడదు. బడినచో, అమ్మా, ఆ చీర వెనుకకు త్రిప్పి చూడుడు, మా నేతలో రెండువైపుల రంగు ఒక్కతీరుననే యుండును, అచ్చుగుడ్డలో వెనుకవైపు వెలవెలబోవునని మీలో చిన్నపిల్ల కూడ చెప్పియుండును. చెప్పు అవకాశమే లేకుండ ఆమె ఈ ఊరికి ఎప్పటికిని కాకుండపోవును. ఇట్లు ఒక్కొక్క యిల్లాలు మీ యెరుకలేకయే తొలగిపోవుచున్నది. మగ్గము ఎందుకు ఆగినదో ఆగిన నాటికి కూడ మీకు తెలియదు.

కొట్టులో చీర తెచ్చి బల్లమీద పరచి కోపపడిన గృహిణి మీకు శత్రువు కాదు. ఆమె కోపముతోడనే మీ రంగు బాగుపడినది. ఆ కోపము మీయొద్దకు రాకుండ నడుమ నిలిచి, అమ్మకపు రుసుము మాత్రము పుచ్చుకొనువాడు మీకు చేయుచున్న నష్టము, అతడు పుచ్చుకొను రుసుముకంటె పెద్దది.

సహకారసంఘములున్నవి గదా యందురు. 1844లో ఇంగ్లండున రాచ్‌డేలు నేతగాండ్రు, తక్కిన పనివారు కలిసి చిన్నకొట్టు పెట్టినప్పుడు కొనువారే యజమానులు. పిండిలో కల్తీ యున్నచో తమ్మును తామే మోసగించుకొనవలెను. ఆ సూత్రము నేటికిని చెడలేదు. ఐనను సహకారమని పేరుపెట్టుటతోనే చెవులు మొలువవు. ఊరి సంఘము నేసిన చీర రాజధానిలోని పెద్ద సంస్థ గిడ్డంగికి పోయి, అక్కడినుండి ఏ దుకాణమునకో పోయి, ఎవరి బీరువాలోనో చేరువరకు దానితో నేసినవాని పేరుగాని, మగ్గము సంఖ్యగాని పోకున్నచో, మీ సంఘమును ఒక చిన్నరకపు పెద్ద కంపెనీయే. ప్రతి చీర కొంగున ఒక చీటి కుట్టుడు. దానిపై సంఘము పేరు, మగ్గము సంఖ్య, రంగు వేసిన నెల, బదులు పలుకు మనిషి ఫోను సంఖ్య తెలుగున నుండవలెను. ఆ ఫోను ఎత్తువాడు చీర మార్చి యిచ్చు అధికారము గలవాడై యుండవలెను. ఇంతకంటె గొప్ప ప్రకటన మీకు అక్కరలేదు.

కొనువారుగా మనము చేయదగిన దేమి? చట్టము మనము తలచినంత గుడ్డిది కాదు, చదువువారు తక్కువ. 2019 నాటి వినియోగదారుల రక్షణచట్టము 2020 జూలైలో అమలులోనికి వచ్చినది. పూర్వము కంపెనీ యున్నచోటికి, లేదా బేరము జరిగినచోటికి పోయి వ్యాజ్యము వేయవలసియుండెను. ఈ చట్టము వలన కొన్నవాడు తానున్న జిల్లాలోనే వేయవచ్చును. చెల్లించిన వెల ఐదు లక్షలు దాటనిచో రుసుము లేదు. అదే సంవత్సరపు ఆన్‌లైను వర్తక నిబంధనల ప్రకారము ఆ యంగడి నడుపు కంపెనీ ఫిర్యాదులు చూచు అధికారి పేరును ప్రకటింపవలెను, ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో చెప్పవలెను, నెలలోపల తేల్చవలెను. అమ్మువాని పేరును చిరునామాను కూడ చూపవలెను. మేము మధ్యవర్తులమే యను మాట ఈ నిబంధనల ముందర పూర్తిగా చెల్లదు.

బ్యాంకు సంగతి యందురా, ముందు శాఖలో వ్రాతమూలముగ ఫిర్యాదు ఇచ్చి, నకలుపై ముద్ర వేయించుకొనుడు. నోటిమాటగ చెప్పి రావలదు. నోటిమాటకు సాక్ష్యము లేదు. 30 దినములలో జవాబు రాకున్నను, వచ్చిన జవాబు మీకు సరిపడకున్నను రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మనునకు వ్రాయవచ్చును. 2021 నవంబరులో ఆ యేర్పాటులన్నింటిని ఒక్కటిగ చేసి, ఉత్తరములు తీసికొనుటకు చండీగఢులో ఒక కేంద్రము పెట్టిరి. పోచంపల్లినుండి చండీగఢు! దూరమును తగ్గించుటకు పెట్టిన యేర్పాటును ఇంతదూరమున నెందుకు పెట్టిరో మాకు బోధపడలేదు. కాని ఏ భాషలో వ్రాసినను తీసికొందుమని వారే ప్రకటించియున్నారు. రుసుము లేదు. వకీలు అక్కరలేకపోవుటయే కాదు, పరుల పక్షమున వకీలు వేసిన ఫిర్యాదును వారు తీసికొనరు కూడ. స్వదస్తూరితో తెలుగున వ్రాసిన ఉత్తరమునకు అక్కడ విలువ కలదు.

వ్రాయలేనివారి సంగతి యేమి యని ఇందాక వెనుక వరుసనుండి ఒక పెద్దమ్మగారు అడిగినారు. ఈ పఠనమందిరమున కిటికీ ప్రక్క ఒక బల్ల ఖాళీగ నున్నది. ఆదివారము సాయంకాలము నాలుగు గంటలనుండి ఆరువరకు అక్కడ ఇద్దరు కూర్చుండి, వచ్చినవారి కష్టము విని, ఉత్తరము వ్రాసి, నకలు తీసి, తేదీ వేసి ఇచ్చుటకు కార్యదర్శిగా రొప్పుకొనినారు. ఏ కంపెనీకి ఎన్ని ఉత్తరములు పోయినవో, ఎన్నింటికి జవాబు వచ్చినదో ఒక పుస్తకమున వ్రాసియుంచవలెనని కోరితిమి. అందుకును సరేయనిరి. ఉన్నత పాఠశాల విద్యార్థులు ముగ్గురు పేర్లిచ్చినారు. మొదటి రెండు ఆదివారములు మేమును వచ్చి కూర్చుందుము. మీ పాసుపుస్తకము, కొన్న రసీదు వెంట తెచ్చుకొనుడు.